విడిది యింటిలో కెమేరా

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నన్ను ఈ సభలో మాటలాడుమని కోరినప్పుడు, సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో చెప్పుదునని కొందరు తలచియుందురు. ఆ విషయములలో నాకంటె ఎక్కువ తెలిసినవారు ఈ సభలోనే కలరు. నేను మన యిండ్లకు సంబంధించిన ఒక చిన్న విషయమును ఎన్నుకొంటిని. విడిదికి ఇచ్చు ఇంటిలో నిఘా కెమేరా పెట్టవచ్చునా, పెట్టినచో ఎచ్చట పెట్టవలెను, ఎచ్చట పెట్టరాదు అనునదే నేటి విషయము. చూచుటకు ఇది యంత్రమునకు సంబంధించిన ప్రశ్నవలె నున్నది. విచారించినకొలది ఇది మర్యాదకు సంబంధించిన ప్రశ్న యని తెలియును.

ఈ ప్రశ్న భిలాయిలో నున్న తెలుగువారికి ఇతరులకంటె దగ్గరగా వచ్చినది. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటినుండియు మనవారు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము వైపునుండి ఇచ్చటికి వచ్చుచునే యున్నారు. ఇచ్చట మనకున్నది కంపెనీ క్వార్టరు. పదవీ విరమణ దినమున దాని తాళము తిరిగి ఇచ్చివేయవలెను. కావున భవిష్యనిధి సొమ్ముతో స్వస్థలమున ఒక ఇల్లో, విశాఖలో ఒక ఫ్లాటో ఏర్పరచుకొనుట మనలో ఆచారమైనది. ఉద్యోగము ముగియువరకు ఆ యిల్లు తాళము వేసి యుండవలెను, లేదా అద్దెకు పోవలెను. నెలల అద్దెకంటె దినముల అద్దె లాభకరమని ఇటీవల పలువురు గ్రహించిరి. సముద్రము చూడవచ్చువారికి, అరకు పోవువారికి రెండు మూడు దినములకు ఇంటిని విడిదిగా ఇచ్చుచున్నారు.

మరియొక వైపున, మనమే అట్టి విడిది యిండ్లకు పోవువారము. 2024 సెప్టెంబరులో దుర్గు నుండి విశాఖపట్టణమునకు వందే భారత్ రైలు వచ్చిన తరువాత ఉదయము ఇచ్చట ఎక్కినవారు మధ్యాహ్నమునకు అచ్చట దిగుచున్నారు. పిల్లలకు సెలవులు రాగానే కుటుంబ సమేతముగా పోయి, ఎవరిదో ఇల్లు తీసికొని, వంట చేసికొని, నాలుగు దినములు గడిపి వచ్చుచున్నాము. ఈ సభలో ఇంటి యజమానులును కలరు, ఇతరుల యింట బస చేయువారును కలరు. కొందరు రెండు పక్షములకును చెందినవారు. యజమానిగా మనము కోరునది, అతిథిగా మనము ఒప్పుకొందుమా? ఈ ఒక్క ప్రశ్నను మనస్సునందుంచుకొని నా మాటలు వినుడని ప్రార్థన.

మొదట ఈ యంత్రము ఎచ్చటనుండి వచ్చినదో చూతము. తీగ ద్వారా దూరమున నున్న తెరపై దృశ్యమును చూపు కెమేరాను 1942లో జర్మనీలోని పీనెముండె యను చోట రాకెట్టు ప్రయోగములను చూచుటకు వాడిరి. దానిని ఏర్పరచిన ఇంజనీరు వాల్టర్ బ్రూఖ్. రాకెట్టు లేచు చోట మనుష్యుడు నిలువరాదు, నిలిచినచో బ్రదుకడు. అందుచేత మనుష్యునికి బదులు కెమేరా నిలిచినది. మన కర్మాగారమునందలి మిత్రులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ట్వీయరు వద్ద చిన్న రంధ్రమునుండి రంగుటద్దము అడ్డుపెట్టుకొని ఫర్నేసు లోపలి మంటను చూచుట వారికి అలవాటు. నేటి ఉక్కు కర్మాగారములలో ఫర్నేసు పైభాగమున పరచుకొనిన సరకును చూచుటకు ఉష్ణమును బట్టి చిత్రము చూపు కెమేరాలు కూడ వచ్చినవి. మనుష్యుడు ఉండజాలని చోట చూచుటకే ఈ కన్ను పుట్టినది.

ఇంటికి కెమేరా వచ్చిన కథ ఇంకను ముచ్చటైనది. న్యూయార్కు నగరమున క్వీన్స్ ప్రాంతమందు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నల్లజాతి నర్సు ఉండెడిది. ఆమె ఇంట ఒంటరిగా ఉండు వేళలు అనేకము. పిలిచినను పోలీసులు ఆలస్యముగా వచ్చు పేట యది. ఆమె తన భర్త ఆల్బర్టుతో కలిసి ఒక ఉపాయము చేసెను. తలుపునకు వేర్వేరు ఎత్తులలో నాలుగు రంధ్రములు, వాని వెనుక పైకి క్రిందికి జరుగు కెమేరా, పడకగదిలో తెర, బయటివానితో మాటలాడుటకు మైకు, మంచముపైనుండియే గడియ తీయుటకు మీట. 1966లో దరఖాస్తు పెట్టగా 1969 డిసెంబరు 2న పేటెంటు లభించినది. నేటి గృహ భద్రతా కెమేరాలకు ఇదియే మూలమని చెప్పుదురు. ఇందు గమనింపదగిన సంగతి ఒకటి కలదు. ఆ కెమేరా బయటికి చూచినది. ఇంటిలో నున్న స్త్రీ తెర ముందు కూర్చుండెను, గుమ్మము బయట నున్న అపరిచితుడు తెరపై కనబడెను. చూచు అధికారము ఇంటిలో నివసించు వారిది.

ఈ రెండు కథలను కలిపి చూచినచో నేను చెప్పదలచిన సూత్రము తేలుచున్నది. మనుష్యుడు లేని చోట కెమేరా కావలి కాయవచ్చును. మనుష్యుడు నివసించు ఇంటిలో, కెమేరా గుమ్మము బయటికి చూడవలెను గాని లోపలికి చూడరాదు. అద్దె ఇచ్చి మూడు దినములు ఉండినను, ఆ మూడు దినములును ఆ యింటిలో నివసించువాడు అతిథియే.

తాళము వేసిన ఇంటి సంగతి ముందుగా చెప్పుదును. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2010 తరువాతి దశాబ్దమున తాళము వేసిన ఇండ్లపై నిఘా యను ఒక పద్ధతిని ప్రవేశపెట్టిరి. దాని ఆంగ్ల నామములోని మొదటి అక్షరములను బట్టి ఎల్.హెచ్.ఎం.ఎస్. అని ప్రజలు పిలిచిరి. ఊరికి పోవు గృహస్థుడు ఫోనులోని యాప్ ద్వారా కోరినచో పోలీసులు వచ్చి ఆ యింటిలో చలనమును పసిగట్టు కెమేరా పెట్టుదురు. ఎవడైన లోపల ప్రవేశించినచో వెంటనే కంట్రోలు రూమునకు హెచ్చరిక పోవును. దీనికి రుసుము లేదు. పోలీసువారి కెమేరా ఇంటిలోపల ఉన్నను ఇందు దోషమేమియు లేదు. ఏలయనగా గృహస్థుడే కోరెను, అతడు లేనప్పుడే పెట్టిరి, అతడు తిరిగి రాగానే తీసిరి. సంక్రాంతికి పోవునప్పుడు మన క్వార్టరులో మనమే కెమేరా పెట్టుకొన్నను ఇదే న్యాయము. ఖాళీ ఇంటిలో కెమేరాకు ఏ మర్యాదాభంగమును లేదు.

అతిథి అడుగుపెట్టినప్పుడు పరిస్థితి మారిపోవును. మన దేశమున బాటసారులకు సత్రములు, ధర్మశాలలు అనాదిగా కలవు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవారికి కూడ అన్నము పెట్టిన సంగతి తెలుగు దేశమంతట తెలిసినదే. వచ్చినవాడు ఎవడో తెలియకయే లోనికి రానిచ్చిరా యని అడుగవచ్చును. సత్రముల విషయమై మన పూర్వులు అంత అమాయకులు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరపాలనను గూర్చి చెప్పుచు, ధర్మశాలల వారును గృహస్థులును తమ యింట దిగినవారి రాకపోకలను అధికారులకు తెలుపవలెనని, తెలుపనిచో ఆ రాత్రి జరిగిన నేరమునకు బాధ్యులగుదురని విధించిరి. గూఢచారులను గూర్చి అంత వివరముగా చెప్పిన ఆ గ్రంథమే, విడిది విషయమున మొదట గుమ్మమువద్ద లెక్క అడిగినది. వచ్చినవాడు ఎవడు, ఎచ్చటివాడు, ఎప్పుడు పోవును అనునది తెలిసికొనుట యజమాని హక్కు. నేటికిని అతిథి గుర్తింపు కార్డు చూచి పుస్తకమున వ్రాసికొనుట తప్పనిసరి జాగ్రత్త. మనుష్యుని ఎరిగి లోనికి పిలిచిన తరువాత లోపలి వ్యవహారము అతనిది.

ఈ విషయమున మన చట్టము ఎట్లు నడచినదో తెలిసికొనుట అవసరము. అందులో ఒక తెలుగువాని పాత్ర గొప్పది. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగు అను నతనిపై దోపిడీ నేరము మోపి, సాక్ష్యము చాలక విడిచిపెట్టిరి. అయినను పోలీసులు అతని పేర ఒక పుస్తకము తెరచి, అతని యింటిని రహస్యముగా కనిపెట్టుచు, రాత్రులయందు తలుపు తట్టి లేపుచుండిరి. అతడు సుప్రీము కోర్టునకు పోయెను. 1962 డిసెంబరు 18న తీర్పు వచ్చినది. రాత్రివేళ ఇంటికి వచ్చి లేపుట చెల్లదని న్యాయమూర్తులందరును అంగీకరించిరి. కాని గోప్యత యనునది రాజ్యాంగము హామీ ఇచ్చిన హక్కు కాదని అధిక సంఖ్యాకులు పలికిరి.

ఆ మాటను రాజమహేంద్రవరమున జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు ఒప్పుకొనలేదు. ఆయన ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తి, పిమ్మట 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని ఆయన భిన్నాభిప్రాయము వ్రాసిరి. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించిరి. శరీరమునకు సంకెల లేకున్నను, తన్నెవరో కనిపెట్టుచున్నారను భావమే మనస్సునకు సంకెల యగునని సుబ్బారావుగారి వాదము. మన మొదటి ఫర్నేసు వెలిగిన నాలుగవ యేట వ్రాయబడిన ఆ మాటలు, నేడు గోడమీది చిన్న కెమేరాను చూచి ముడుచుకొని కూర్చుండు అతిథి మనఃస్థితిని యథాతథముగా వర్ణించుచున్నవి.

తరువాత 1975లో గోవింద్ అను నతని వ్యాజ్యమున మరల ఇదే ప్రశ్న వచ్చినది. అది అప్పటి మధ్యప్రదేశపు పోలీసు నియమములకు సంబంధించినది. మన భిలాయి అప్పుడు ఆ రాష్ట్రములోనిదే. గోప్యతకు రాజ్యాంగమున చోటు కలదని, అయితే అది హద్దులు లేని హక్కు కాదని కోర్టు అభిప్రాయపడినది. పిమ్మట 2004లో ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన మరియొక వ్యాజ్యము తీర్పునకు వచ్చినది. స్టాంపు చట్టమునకు రాష్ట్ర ప్రభుత్వము చేసిన సవరణ ప్రకారము, కలెక్టరు అధికారమిచ్చిన యెవడైనను బ్యాంకులలోని కాగితములను తనిఖీ చేయవచ్చును. కెనరా బ్యాంకు దీనిని ఎదిరించినది. సుప్రీము కోర్టు ఆ సవరణను త్రోసివేయుచు, గోప్యత వ్యక్తులను ఆశ్రయించి యుండును గాని స్థలములను కాదని స్పష్టము చేసెను. కాగితము బ్యాంకు బీరువాలో నున్నంత మాత్రమున ఖాతాదారుని గోప్యత పోదు.

ఈ న్యాయము మన విషయమునకు సరిగా అతుకును. ఇల్లు నాది, గోడ నాది, కెమేరా నాది, నేనెందుకు చూడరాదని యజమాని అనవచ్చును. ఇల్లు నీదే గాని, అందు నిద్రించు మనుష్యుడు నీవాడు కాడు. అతని గోప్యత అతనితోకూడ వచ్చును, అతనితోకూడ పోవును. చివరకు 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామిగారి వ్యాజ్యమున గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఆ ధర్మాసనమున కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వరుగారు ఒకరు. 55 సంవత్సరములకు సుబ్బారావుగారి మాట దేశపు చట్టమైనది.

శిక్షల మాట కూడ చెప్పవలెను. సమ్మతి లేక ఒకరి శరీరపు రహస్య భాగములను చిత్రించినచో సమాచార సాంకేతిక చట్టము 66-ఇ విభాగము క్రింద 3 సంవత్సరముల వరకు ఖైదు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. స్త్రీ ఏకాంతమున నున్నప్పుడు చాటుగా చూచుటయు చిత్రించుటయు 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 77వ విభాగము ప్రకారము నేరము. మొదటిసారి ఒక సంవత్సరమునకు తక్కువ గాక 3 సంవత్సరముల వరకు, మరల చేసినచో 3 నుండి 7 సంవత్సరముల వరకు ఖైదు, జరిమానా. ఇవికాక 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములను 2025 నవంబరులో ప్రకటించి, దశలవారీగా అమలుపరచునట్లు ఏర్పరచిరి. ఎదుటివానికి ముందుగా తెలుపుట, చెప్పిన పనికే వాడుట, పని తీరిన పిమ్మట చెరిపివేయుట దాని సారము. స్వంత గృహకృత్యములకు ఆ చట్టము వర్తింపదు. సొమ్ము పుచ్చుకొని ఇంటిని విడిదిగా ఇచ్చువాడు ఆ మినహాయింపు చాటున నిలువగలుగునని నేను భరోసా ఇవ్వజాలను.

ఇప్పుడు యజమాని పక్షము వినవలెను. అతని మొర అబద్ధము కాదు. ముప్పది సంవత్సరములు షిఫ్టులలో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో కట్టిన ఇల్లది. నలుగురమని చెప్పి పదునలుగురు దిగుదురు. అర్ధరాత్రి దాక కేకలు వేయగా ప్రక్కింటివారు భిలాయికి ఫోను చేయుదురు. పోవునప్పుడు తువ్వాళ్లు, గ్యాసు సిలిండరు రెగ్యులేటరు కూడ కనబడవు. యజమాని ఎనిమిది గంటల ప్రయాణ దూరమున నున్నాడు. అతడు కెమేరా కోరుకొనుటలో ఆశ్చర్యమేమున్నది?

అయితే అతని కష్టములను ఒక్కొక్కటిగా పరీక్షింపుడు. ఎందరు దిగిరో తెలిసికొనుటకు గేటువద్ద కెమేరా చాలును. కారు ఏది, ఎప్పుడు వచ్చినది, ఎప్పుడు పోయినది, సిలిండరు ఎవరు మోసికొనిపోయిరి అనునవి కూడ అచ్చటనే తెలియును. కేకల విషయమునకు ధ్వని తీవ్రతను మాత్రము కొలుచు చిన్న యంత్రములు కలవు. అవి మాటలను పట్టవు, ఎంత బిగ్గరగా నున్నదో మాత్రము చెప్పును. వస్తువులు పోకుండుటకు జాబితా వ్రాసి, ప్రతి గదిని అతిథి రాకకు ముందును పోయిన వెంటనేయు ఫొటో తీసి, కొంత సొమ్ము ధరావతుగా పుచ్చుకొనవలెను. వీనితో తీరని కష్టము ఏదైన మిగిలినచో అది కొలదిపాటి నష్టము. ఆ నష్టమును నివారించుటకు ఒక కుటుంబపు నిద్రను చూచుట తగిన వెల కాదు.

ఇది నా యొక్కని అభిప్రాయము కాదు. ఎయిర్‌బిఎన్‌బి యను సంస్థ ప్రపంచమంతట ఇట్టి విడిది యిండ్లను కుదుర్చును. మొదట హాలువంటి చోట్ల, ముందుగా తెలిపినచో, కెమేరా ఉండవచ్చునని అది అనుమతించినది. 2024 మార్చిలో ఆ నియమమును మార్చి, ఏప్రిల్ 30 నుండి ఇంటిలోపల ఎచ్చటను కెమేరా ఉండరాదని కట్టడి చేసినది. ఆపివేసి యుంచిన కెమేరా కూడ లోపల పనికిరాదు. బయటి కెమేరా ఉన్నచో అది ఎచ్చట నున్నదో ముందుగా తెలుపవలెను, అది కిటికీగుండ లోపలికి చూడరాదు. ధ్వని కొలుచు యంత్రము ఉన్నచో దానిని కూడ తెలుపవలెను. ఆపివేసిన దానిని సైతము ఎందుకు నిషేధించిరని అడుగవచ్చును. ఆగినదో ఆగలేదో అతిథికి ఎట్లు తెలియును? సుబ్బారావుగారు చెప్పిన మనస్సునకు సంకెల ఇదియే.

దురుద్దేశము లేక జరుగు పొరపాటు ఒకటి కలదు. ఊరిలో తల్లి ఒంటరిగా నున్నదని కుమారుడు హాలులో కెమేరా పెట్టించును. ఆమె కాలుజారి పడినచో భిలాయిలో తెలియవలెను గదా. కొన్నాళ్లకు తల్లి కుమారుని యొద్దకు వచ్చును. ఇల్లు విడిదికి పోవును. కెమేరా మాత్రము గోడమీదనే మిగులును. ఫోనులో యాప్ అట్లే యుండును. కుమారుడు చూడకపోవచ్చును, కాని అతని ఇంటిలోని పిల్లవాడు ఆటగా తెరచి చూడవచ్చును. కావున ఇంటిని మొదటిసారి విడిదికి ఇచ్చుటకు పూర్వము ప్రతి గదిని మీరే తిరిగి, పాత కెమేరాలను, మైకు గల పరికరములను తీసివేయుడు. మీరు దూరమున నున్నచో నమ్మకమైన మనిషిచేత తీయించి ఫొటో తెప్పించుకొనుడు.

బయటి కెమేరా విషయమునను జాగ్రత్తలు కలవు. గోడలకు చెవులుండునని పెద్దలు చెప్పిరి. నేడు గోడలకు కన్నులును వచ్చినవి, ఆ కన్నులు ఎవరివో చెప్పుట కష్టమైనది. కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డును మార్చకుండుట దొంగ చేతికి తాళములిచ్చుటయే. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, అట్లు పాస్‌వర్డు మార్చని కెమేరాలను, రికార్డరులను లక్షల సంఖ్యలో లోబరచుకొని, అక్టోబరు 21న అమెరికాలో పేరుపొందిన వెబ్‌సైట్లను గంటలకొలది స్తంభింపజేసినది. 2025 ఫిబ్రవరిలో బయటపడిన సంగతి మరియు దారుణము. గుజరాతులోని రాజకోట నగరమున ఒక ప్రసూతి ఆసుపత్రి కెమేరాలనుండి స్త్రీల చికిత్సా దృశ్యములను దొంగిలించి అంతర్జాలమున అమ్మకమునకు పెట్టిరి. రక్షణకని పెట్టిన కెమేరా కంచెయే చేను మేసినట్లయినది. లోపల కెమేరా లేకున్నచో దొంగిలించుటకు దృశ్యమే లేకుండెడిది.

కావున పాస్‌వర్డు మార్చుడు. వచ్చిన సవరణలను ఎప్పటికప్పుడు పెట్టుడు. కెమేరా చూపు మీ గేటుకు, మీ దారికి పరిమితము కావలెను. ఎదురింటి వాకిటను చూడరాదు. మైకును ఆపివేయుడు. దృశ్యములను కొన్ని దినములకు దానంతట అదే చెరిపివేయునట్లు ఏర్పరచుడు. ఇల్లు కనిపెట్టుకొను మనిషికి కెమేరా యాప్ ఇచ్చినచో, అతడు పని మానిన దినమున అతని ప్రవేశమును తొలగింపుడు. కొత్తగా కొనువారు ఒక సంగతి గమనింపవలెను. 2025 ఏప్రిల్ నుండి మన దేశమున అమ్ము నిఘా కెమేరాలు ప్రభుత్వము విధించిన భద్రతా పరీక్షలలో నెగ్గి యుండవలెను. చవకయని సందేహాస్పదమైన సరకు కొనవద్దు.

ఇక అతిథిగా పోవునప్పుడు మనమేమి చేయవలెను? 2019 మార్చిలో దక్షిణ కొరియా పోలీసులు బయటపెట్టిన వ్యవహారము ప్రపంచమును కలవరపెట్టినది. పది నగరములలో 30 మోటళ్లలోని 42 గదులలో చాటు కెమేరాలు పెట్టి, సుమారు 1,600 మంది అతిథులను చిత్రించి, ఆ దృశ్యములను అంతర్జాలమున ప్రసారము చేసి సొమ్ము గడించిరి. ఆ కెమేరాలు టీవీ పెట్టెలలో, గోడ ప్లగ్గులలో, తల ఆరబెట్టు యంత్రమును తగిలించు కొక్కెములలో దాగియుండెను. అన్ని విడుదులును ఇట్టివని నేను చెప్పను. అత్యధికులు యజమానులు సజ్జనులే. అయినను గదిలో దిగిన వెంటనే పది నిమిషముల పరీక్ష తప్పు కాదు.

మంచమునకును స్నానపు గదికిని ఎదురుగా నున్న వస్తువులను మొదట చూడుడు. గడియారము, చార్జరు, పొగను పసిగట్టు పెట్టె, ఏసీ ఒక్కొక్కటియు దాని స్థానమునకు తగినట్లున్నదా యని పరికింపుడు. దీపములార్పి ఫోను టార్చిని గోడల వెంబడి నెమ్మదిగా త్రిప్పినచో, కెమేరా అద్దము చిన్న చుక్కవలె మెరయును. చీకటిలో చూచు కెమేరాలు వెదజల్లు పరారుణ కాంతి మన కంటికి కనబడకున్నను, పలు ఫోనుల ముందువైపు కెమేరాలో తెల్లని లేక ఊదా రంగు చుక్కగా కనబడును. ఇంటిలోని టీవీ రిమోటును ఫోనుకు ఎదురుగా నొక్కి, మీ ఫోనునకు ఆ శక్తి కలదో లేదో ముందుగా చూచుకొనవచ్చును. వైఫైలో ఏ పరికరములున్నవో చూపు యాపులు కలవు గాని, జ్ఞాపకపు కార్డులో దాచుకొను కెమేరా వానికి చిక్కదు. ఏ ఒక్క పరీక్షయు సంపూర్ణము కాదు. పొగపెట్టెపై అప్పుడప్పుడు వెలుగు చిన్న దీపమును చూచి భయపడనక్కరలేదు, అది దాని సహజ లక్షణము.

నిజముగా కెమేరా కనబడినచో దానిని పీకవద్దు, విరుగగొట్టవద్దు. అది సాక్ష్యము. ఉన్నచోటనే ఉన్నట్లు ఫొటో తీసి, పైన గుడ్డ కప్పి, కుటుంబముతో బయటికి వచ్చివేయుడు. యజమానితో వాదమునకు దిగక 112కు ఫోను చేసి పోలీసులను పిలువుడు. జాతీయ సైబరు నేరముల ఫిర్యాదు పోర్టలులో కూడ వ్రాయవచ్చును. ఇంటిని కుదిర్చిన సంస్థకు అదే దినము తెలుపుడు. మన స్త్రీలు అవమానమునకు వెరచి ఊరకుండుటయే నేరస్థునికి బలమగుచున్నది. సిగ్గు పడవలసినవాడు కెమేరా పెట్టినవాడు. ఈ మాట ఇంటిలోని ఆడపిల్లలకు ప్రయాణమునకు పూర్వమే చెప్పియుంచుట మన విధి.

మిత్రులారా, చివరగా ఈ సంఘమునకు ఒక మనవి. మనలో ఇండ్లను విడిదికి ఇచ్చువారందరును ఒక పత్రమును తెలుగు, హిందీ భాషలలో వ్రాయించి, అతిథికి ముందుగా పంపి, ఇంటి తలుపు వెనుక అంటించవలెనని నా కోరిక. అందు నాలుగు వాక్యములు చాలును. గేటువద్ద కెమేరా కలదు, అది గేటును దారిని మాత్రము చూచును. దృశ్యములు ఇన్ని దినములకు చెరిగిపోవును. ఇంటిలోపల కెమేరా గాని మైకు గాని లేదు. సందేహము కలిగినచో ఈ నంబరుకు ఫోను చేయుడు. క్రింద యజమాని సంతకము. ఈ పత్రము పెట్టుటకు పైస ఖర్చు లేదు. దీనిపై సంతకము చేయజాలని యజమాని తన యింటిని ఇంకొకమారు తిరిగి చూచుకొనవలెను. దీనిని ఇవ్వని ఇంటిలో దిగవలసివచ్చినచో, మనమే ముందుగా ఈ నాలుగు ప్రశ్నలను వ్రాతపూర్వకముగా అడిగి సమాధానము దగ్గర నుంచుకొనవలెను.

మనము ఊరు విడిచి వచ్చి, తెలియనివారి నడుమ ఇండ్లు ఏర్పరచుకొని బ్రదికినవారము. క్వార్టరు కంపెనీదే యైనను, తలుపు మూసిన తరువాత లోపల ఎవరును తొంగిచూడరను ధైర్యముతోనే అందు పిల్లలను పెంచితిమి. మన యింటికి రాత్రి బస కొరకు వచ్చు అపరిచితునకు సైతము ఆ ధైర్యమునే ఇవ్వగలుగుదుము గాక.